కోటలో ఒకే పొయ్యి

మా ఇంట్లో పొగ అలారాల బ్యాటరీలు పీకేసింది ఒక సేఫ్టీ ఇంజినీరు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఆయన పేరు అమరేశ్వరరావు. కెనడాలో, కాల్గరీ డౌన్‌టౌన్‌లో ఒక గ్యాస్ కంపెనీలో ఉద్యోగం. వాళ్ళ ఆఫీసులో ఏ మీటింగ్ అయినా ముందు ఒకరు లేచి ఒక జాగ్రత్త చెప్పాలట. మెట్ల మీద కడ్డీ పట్టుకోండి, ఫోన్ చూస్తూ నడవకండి, ఇలాంటివి. దానికి సేఫ్టీ మూమెంట్ అని పేరు. ఆ అలవాటును ఆయన ఇంటికి కూడా మోసుకొచ్చారు. మేం ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన రోజు సూట్‌కేసులు చేతుల్లో ఉండగానే మమ్మల్ని మెట్ల మీద ఆపి, "కడ్డీ పట్టుకోకుండా దిగొద్దమ్మా. సేఫ్టీ ఫస్ట్," అన్నారు.

మేం అంటే నేను, ధాత్రి. నాది తెనాలి, దానిది జగిత్యాల. మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న సంవత్సరం అది. కాలేజీలో సీటు దొరికినంత సులువుగా ఊళ్ళో గది దొరికేది కాదు. మా క్లాసులో ఒకడు నెల రోజులు ఎవరిదో కారు షెడ్డులో పడుకున్నాడు. అలాంటి రోజుల్లో ముక్కూ ముఖం తెలియని అంకుల్ ఎయిర్‌పోర్టుకు కారేసుకుని వచ్చారు. ఆయన భార్య శ్యామల ఆంటీ మేం కాళ్ళు కడుక్కునేలోపే కంచాలు పెట్టి పప్పుచారు వడ్డించింది. అందుకే తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా నోరు లేచేది కాదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం కాదు మేం.

బ్యాటరీల సంగతి అక్టోబరులో జరిగింది. ధాత్రి పచ్చిపులుసులోకి ఎండుమిర్చి పోపు పెట్టింది. ఆ ఘాటుకు కింది అలారం కూసింది, దాని వెనకే పైది కూడా కూసింది. పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే ఫైరింజన్ వచ్చి వీధి మధ్యలో ఆగింది. హెల్మెట్ పెట్టుకున్న ఆరడుగుల మనిషి మా మూకుడులోకి తొంగిచూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అంకుల్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. అదే సాయంత్రం స్టూలెక్కి రెండు అలారాల్లోని బ్యాటరీలూ ఊడబీకారు.

"పొగకే కాదు అంకుల్, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌లోంచి విషవాయువు లీకైనా ఇదే మోగుతుందట," అన్నాను నేను, దాని మీద రాసున్నది చదువుతూ.

"మన పోపులున్నన్నాళ్ళు ఇది రోజూ మోగుతుందమ్మా. మనోళ్ళ ఇళ్ళల్లో ఎవరూ ఉంచరు," అన్నారు ఆయన.

"పారేయకండి, నా దీపాలకు పనికొస్తాయి," అంది ఆంటీ.

ఆంటీకి హాలు మూలలో దేవుడి అర ఉంది. చెక్క ఇంట్లో నూనె దీపం ప్రమాదమని అంకుల్ ఎప్పుడో దాన్ని మాన్పించారు. దాని బదులు ఇండియా నుంచి బ్యాటరీ దీపాల జత తెప్పించారు. మా అలారాల బ్యాటరీలు వెళ్ళి ఆ దీపాల్లో వెలిగాయి.

నవంబరులో నాకు కో-ఆప్ వచ్చింది, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగం. నా చదువు టూరిజం కాబట్టి బో నదీ ఎల్బో నదీ కలిసే చోట ఉన్న పాత పోలీసు కోటలో వేశారు. కోట అనగానే గోల్కొండను ఊహించుకోకండి. దుంగలు నిలబెట్టి కట్టిన దడి, లోపల మట్టికప్పు కొట్టాలు, అంతే. సారా వ్యాపారులను తరమడానికి 1875లో గుర్రప్పోలీసులు వచ్చి కట్టారు. దాని చుట్టూ పెరిగిందే ఈ కాల్గరీ. అసలు కోటను ఏనాడో రైళ్ళవాళ్ళు కూలగొట్టారు. ఇప్పుడు ఉన్నవి చూపించడానికి పెట్టిన నమూనాలే. బడిపిల్లలు వచ్చినప్పుడు ఆ పోలీసుల ఎర్రకోటు వేసుకుని ఆ కథ చెప్పడం నా పని. ఫోటో చూసి మా అమ్మ, "పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చిందే?" అని ఊరంతా చాటింది.

నాకు పని నేర్పింది మార్జరీ అనే పెద్దావిడ. "ముందు పేరుతో మొదలుపెట్టు. పోలీసులు రాకముందే ఈ చోటికి పేరుంది," అనేది. బ్లాక్‌ఫుట్ ప్రజలు దీన్ని మోచేయి అంటారు, నది అక్కడ మోచేయిలా మలుపు తిరుగుతుంది కాబట్టి. వచ్చిన పోలీసు ఆఫీసరు మాత్రం కోటకు తన పేరే పెట్టుకున్నాడు. మొదటి చలికాలంలో కోట మొత్తానికి ఇనుప పొయ్యి ఒక్కటే ఉంటే దాన్ని తన గదిలో పెట్టించుకున్నాడని చెప్పుకుంటారు. పోలీసులు తిరగబడేదాకా వచ్చింది. ఏడాది తిరక్కుండానే అతను రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. కోటకు పెట్టిన పేరును పైవాళ్ళు తీసేశారు.

ఈ కథ చెప్పినప్పుడు ధాత్రి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇది మన అంకుల్ కథనే కదనే!"

నిజమే మరి. పైన హాల్లో హీటింగ్ తిప్పే థర్మోస్టాట్‌కు అంకుల్ ప్లాస్టిక్ పెట్టె బిగించి తాళం వేశారు. తాళంచెవి ఆయన కారు తాళాల గుత్తిలో ఉండేది. ఫర్నేస్ పాతది, ఎక్కువ తిప్పితే చెడిపోతుందని ఆయన భయం. "ఒంటికి అలవాటు చెయ్యాలమ్మా. మేమొచ్చిన కొత్తలో ఇంతకన్నా చలి," అనేవారు. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి పై అంతస్తు బాగానే ఉండేది. టొరంటోలో చదువుతున్న వాళ్ళమ్మాయి అనన్య గది కూడా ఖాళీగా, వెచ్చగా ఉండేది. కింద మేం స్వెటర్ మీద స్వెటర్ తొడిగి ఉల్లిపాయల్లా తయారయ్యాం. మా అవస్థ చూసి ఆంటీ ఒకరోజు అంకుల్ చూడకుండా బొంత తెచ్చిచ్చింది. ఆమె పాత వెంకటగిరి చీరలు పొరలు పొరలుగా వేసి వాళ్ళమ్మ కుట్టిన బొంత. ధాత్రీ నేనూ దానికోసం కొట్టుకునేవాళ్ళం.

జనవరిలో అసలు చలి వచ్చింది. మైనస్ నలభైకి అటూ ఇటూ. ఒక శనివారం సాయంత్రం ఊళ్ళో అందరి ఫోన్లూ ఒక్కసారిగా కేకపెట్టాయి. కరెంటు చాలడం లేదు, అవసరం లేనివన్నీ ఆపేయండని ప్రభుత్వం పంపిన హెచ్చరిక అది. మేం లైట్లు ఆర్పి కూర్చున్నాం. అంకుల్ ఇంకో అడుగు ముందుకేసి తాళం తీసి వేడిని ఇంకొంచెం దించారు. ఫర్నేస్ నడిచేది గ్యాసుతో అని గ్యాస్ కంపెనీ మనిషికి మేం చెప్పాలా?

"పోయి అడుగుదాం పా," అంది ధాత్రి. "అప్పటి పోలీసోళ్ళు తిరగబడ్డరు. మనకేమైంది?"

నిజంగానే తిరుగుబాటుకు బయలుదేరాం. కడ్డీ పట్టుకునే మెట్లెక్కాం. పైకి వెళ్ళేసరికి ఆంటీ పకోడీలు వేస్తోంది.

"సరిగ్గా టైముకొచ్చారు. రండమ్మా, కూర్చోండి," అని అంకుల్ కుర్చీలు జరిపారు. "కింద అంతా ఓకేనా?"

"ఓకే అంకుల్," అన్నాం ఇద్దరం. తిని కిందకి వచ్చేశాం. మా తిరుగుబాటు పకోడీలతో ముగిసింది.

మా గది పక్కనే ఫర్నేస్ గది. బయటి గోడలోంచి లావుపాటి గొట్టం ఒకటి అందులోకి వచ్చి నేల దగ్గర నోరు తెరుచుకుని ఉండేది. మంచుగాలి దాంట్లోంచి బుసకొడుతూ మా తలుపు సందులోంచి లోపలికి వచ్చేది.

"ఈ బొక్క ఎందుకు పెట్టిండ్రే? బయటి చలి సాలదా?" అంది ధాత్రి.

అంకుల్‌ను అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవారు. అడగడానికి మొహమాటం. ఇద్దరం కలిసి బొంతను చుట్టచుట్టి ఆ గొట్టంలో దూర్చాం. గది అలా వెచ్చబడుతుంటే మాకు పండగలా ఉంది. ఆ రాత్రి ఇద్దరం హాయిగా నిద్రపోయాం.

మర్నాటి నుంచి తలనొప్పులు మొదలయ్యాయి. ముందు జలుబనుకున్నాం. ధాత్రికి వాంతులు కూడా అయ్యాయి. చదువుకుంటూ తను చేసే గిడ్డంగి పనికి వెళ్ళడం మానేసి ముసుగుతన్ని పడుకుంది. పైన ఆంటీకి కళ్ళు తిరిగితే బీపీ మాత్ర మార్చాలనుకుంది. అంకుల్ కూడా నుదుటికి అమృతాంజనం రాసుకుని ఆఫీసుకు వెళ్ళేవారు. వింతేమిటంటే, నేను కోటకు వెళ్ళిన గంటకల్లా నా నొప్పి చేత్తో తీసేసినట్టు పోయేది.

"గవర్నమెంటు కోటు తొడగంగనే నీకన్నీ తగ్గుతయి," అని ధాత్రి పక్కమీద నుంచే ఎగతాళి చేసింది.

ఒక సాయంత్రం ఆంటీ ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని కిందకి వచ్చింది. "ఇద్దరికీ ఒకేసారి ఏంటే ఇది? ఎర్రకోటు ఫోటోలు లోకమంతా చూపించావుగా, నీది దిష్టే," అని మమ్మల్ని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ చుట్టూ తిప్పి ఆ మిరపకాయలను మా పొయ్యి మీద కాల్చింది. ముగ్గురం దగ్గి దగ్గి ఏడ్చాం. నెత్తిమీద అలారం మాత్రం కిక్కురుమనలేదు. "చూశావా, బ్యాటరీలు లేకపోవడం ఎంత మంచిదో," అంది ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ.

ఆ గురువారం మూడో తరగతి పిల్లలు కోటకు వచ్చారు. పిల్లల కోసం మార్జరీ ఒక ఆట కనిపెట్టింది. పుల్లలతో చేసిన చిన్న కొట్టం, దానికో పొగగొట్టం. పిల్లలు పుల్లల మధ్య సందులన్నీ బంకమట్టితో పూడ్చాలి, అప్పటి పోలీసులు చలికి పూడ్చుకున్నట్టు. తర్వాత లోపల ఒక అగరుబత్తి వెలిగిస్తాం. ఆ అగరుబత్తి ఆలోచన నాది, సరుకు ఆంటీ దేవుడి అరలోది. సందులన్నీ మూశాక పొగ పైకి పోకుండా తిరిగి కొట్టంలోకే నిండేది. పిల్లలకు అదో సంబరం.

"ఎందుకు బయటికి పోవట్లేదు?" అని ఒక బుడ్డది అడిగింది.

"లోపలికి గాలి వస్తేనే పొగ బయటికి పోతుంది. సందులన్నీ మూసేస్తే గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను. రెండు నెలల నుంచి చిలకలా పలుకుతున్న మాటే.

"అయితే పోలీసులు చచ్చిపోయారా?"

"లేదు లేదు. తలనొప్పి వచ్చేది. కళ్ళు తిరిగేవి. అంతే."

ఆ మాట నా నోట్లోంచి వచ్చి నా చెవికే తగిలింది. నా చేతిలో అగ్గిపెట్టె ఉంది. పిల్లలు నా మొహంలోకే చూస్తున్నారు. నాకు ఆ కొట్టం కనపడలేదు, గొట్టంలో మేం దూర్చిన బొంత కనపడింది.

ధాత్రికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆంటీ ఎత్తలేదు. అంకుల్‌ది స్విచాఫ్, మీటింగ్‌లో ఉన్నారేమో. అత్యవసర నంబరు 911కు చేసి ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఇంట్లో ఇద్దరున్నారు, ఇద్దరున్నారు అనే పదిసార్లు అన్నానని మార్జరీ తర్వాత చెప్పింది. ఆవిడే నన్ను కారులో తీసుకెళ్ళింది. దారంతా నేను ఎర్రకోటు బొత్తాలు విప్పుతూ పెడుతూ కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి తలుపులూ కిటికీలూ బార్లా తీసి ఉన్నాయి. మంచులో రెండు స్ట్రెచర్లు. ఒకదాని మీద ధాత్రి, మూతికి ఆక్సిజన్. రెండోది ఆంటీదని ముందు నేను గుర్తుపట్టలేదు. మొహం ఆమెదే, కానీ నిద్రలో కూడా ఆమె మొహం అలా ఉండదు. ధాత్రికి చారన్నం తినిపిద్దామని కిందకి వెళ్ళిందట. మంచం పక్కన నేలమీద దొరికిందట, గిన్నె ఒలికిపోయి. నాకు ఏడుపు రాలేదు. అందరి మాటలూ ఎక్కడో గోడ అవతల నుంచి వినిపిస్తున్నాయి.

అంకుల్ మెడలో ఆఫీసు బ్యాడ్జితోనే పరిగెత్తుకొచ్చారు. ఆంబులెన్స్ తలుపులు వేస్తుంటే చేతులు చాపారు, లోపలికి ఎక్కనివ్వలేదు. ఫైర్‌మన్ ఒకతను రెండు అలారాలూ చేతిలో పట్టుకుని వచ్చి అడిగాడు. "వీటి బ్యాటరీలు ఏవి?"

అంకుల్ ఇంటివైపు తిరిగారు. తెరిచిన తలుపులోంచి హాలు మూల కనపడుతోంది. దేవుడి అరలో రెండు దీపాలూ వెలుగుతున్నాయి. ఆంటీ పొద్దున్న వెలిగించి కిందకి వెళ్ళినట్టుంది. ఆయన చూపు అక్కడికి వెళ్ళడం నేను చూశాను. ఆ మనిషి నోరు తెరుచుకుని, దీపాలనే చూస్తూ నిలబడిపోయారు.

ఇంకొకతను బొంతను తెచ్చి మంచు మీద పడేశాడు. "గాలి గొట్టంలో ఇది కుక్కి ఉంది."

అది ఎవరి చీరలో అంకుల్‌కు చెప్పక్కర్లేదు. నేను దగ్గరకు వెళ్ళి, "మేమే పెట్టాం అంకుల్," అన్నాను. చెంప మీద కొడతారనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను.

ఆయన బొంత వైపే చూస్తూ, "అంత చలేసిందా అమ్మా?" అన్నారు.

ఆ చలికాలమంతటిలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

ధాత్రి నాలుగు రోజుల్లో లేచి కూర్చుంది. "నా తలకాయను ఎవరో ఉతికి ఆరేసినట్టుందే," అంది. అది పలకగానే నాకు అప్పటిదాకా రాని ఏడుపంతా వచ్చింది. ఆంటీకి మాత్రం నెల పట్టింది. మనుషులను గుర్తుపట్టింది, వంటలు గుర్తున్నాయి. ఇప్పుడే జరిగింది మాత్రం గుర్తు నిలవడం లేదు. జ్ఞాపకశక్తి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు. అనన్య టొరంటో నుంచి వచ్చి, సెలవు అయిపోయేదాకా ఉండి వెళ్ళింది.

ఆంటీని ఇంటికి తెచ్చేలోగా అంకుల్ కొత్త ఫర్నేస్ పెట్టించారు. గదికో అలారం బిగించారు. థర్మోస్టాట్ మీది ప్లాస్టిక్ పెట్టె పోయి గోడకు నాలుగు చిల్లులు మిగిలాయి. ఆంటీ హాల్లో నిలబడి చుట్టూ చూసి, "పిల్లలేరీ?" అంది.

"కింద ఉన్నారు," అన్నారు అంకుల్. మేం మెట్ల మధ్యలో ఆగి వింటున్నాం.

"మళ్ళీ కింద ఎందుకు? అమ్మాయి గది ఖాళీయేగా?" ఆమె గొంతు పెంచలేదు. పాతికేళ్ళలో ఆయనకు ఒక్కసారీ ఎదురు చెప్పిన మనిషి కాదు. "వాళ్ళిద్దరూ అందులో పడుకుంటారు, నాకు దగ్గరగా ఉంటారు. కింద మీరు పడుకోండి కొన్నాళ్ళు."

ఈ మాట ఆమె మర్చిపోతుందని మేమంతా అనుకున్నాం. మర్చిపోలేదు. అంకుల్ దిండు చంకన పెట్టుకుని, కడ్డీ పట్టుకుని, మెట్లు దిగారు.

ఆమె అస్తమానం అడిగేది ఒక్కటే. "దీపాలు వెలిగించానా?" పొద్దున్న అడిగేది, వెలిగించిన మరుక్షణం అడిగేది. "వెలిగించారు ఆంటీ," అని నేనో ధాత్రో అనేవాళ్ళం. ఆ ప్రశ్న వినపడితే చాలు, అంకుల్ చేస్తున్న పని వదిలేసి గదిలోంచి వెళ్ళిపోయేవారు. పరామర్శకు వచ్చిన వాళ్ళతో ఆయన, "ఏదో గ్యాస్ ప్రాబ్లం అండీ," అని ఊరుకునేవారు. అది విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది.

ఏప్రిల్‌లో బో నది మీద మంచు పగిలింది. అది కోటలో నా చివరి వారం. అంకుల్ తనంతట తనే, "మీ ఆంటీకి కాస్త గాలి తగులుతుంది, తీసుకురానా?" అని అడిగారు. ఇద్దరూ వచ్చి పిల్లల వెనక బెంచీ మీద కూర్చున్నారు. నేను మోచేయి మలుపు చెప్పాను, సారా వ్యాపారులను చెప్పాను. పొయ్యి కథ దగ్గర ఆగాను. ఆ ముక్క దాటేద్దామనుకున్నాను. అంకుల్ తల ఊపారు, చెప్పమన్నట్టు. చెప్పాను.

ముందు వరసలో ఒక పిల్లాడు చెయ్యెత్తాడు. "అందరికీ చలేస్తుంటే పొయ్యి తనొక్కడే ఎందుకు పెట్టుకున్నాడు?"

మార్జరీ నేర్పినదాంట్లో దీనికి జవాబు లేదు. వెనక బెంచీ మీద నుంచి అంకుల్ లేచారు. ఆఫీసు మీటింగులో లేచినట్టు, చొక్కా సర్దుకుని మరీ లేచారు.

"అతని గది వెచ్చగా ఉంది బాబూ," అన్నారు ఇంగ్లీషులో, నెమ్మదిగా. "అందుకని కోటంతా వెచ్చగానే ఉందనుకున్నాడు. ఎవరినీ అడగలేదు."

పిల్లాడు సరేనన్నట్టు చెయ్యి దించాడు. అంకుల్ ఇంకా నిలబడే ఉన్నారు. పక్కనుంచి ఆంటీ ఆయన కోటు అంచు పట్టి లాగింది.

"ఏవండీ, దీపాలు వెలిగించానా?"

ఆయన వెళ్ళిపోతారనే అనుకున్నాను. వెళ్ళలేదు. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

"వెలిగించావు శ్యామలా," అన్నారు. "బ్యాటరీలు నేనే ఇచ్చాను."